వాన లెక్కల వాకర్

ఈసీఈ వాళ్లకి డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ అనే గండం ఒకటి ఉంటుంది. అందులో యూల్-వాకర్ ఈక్వేషన్లు వస్తాయి. ఒక సిగ్నల్ ఇప్పటి విలువని దాని వెనకటి విలువలతో ఎంతవరకు చెప్పొచ్చో తేల్చే ఈక్వేషన్లు అవి. ఫోన్లో మన గొంతుని కుదించి పంపే పద్ధతుల వెనక కూడా ఇవే ఉన్నాయి. పరీక్ష ముందు రాత్రి చదువుతాం, రాస్తాం, వదిలేస్తాం. ఆ రెండో పేరు ఎవరిదో మాత్రం సిలబస్‌లో ఉండదు.

ఆయన ఎలక్ట్రానిక్స్ మనిషి కాదు. మన దేశ వాతావరణ శాఖకి ఇరవై ఏళ్లు అధిపతిగా ఉన్నవాడు. ఈ ఏడు వాన ఎలా ఉంటుందో ముందే చెప్పగలమా అన్న ఒక్క ప్రశ్న వెంట పడి, దానికి సరైన జవాబు దొరక్కుండానే రిటైర్ అయినవాడు. కానీ ఆ వెతుకులాటలో ఆయనకి దొరికినదాని పేరు ఇవాళ ప్రతి జూన్‌లోనూ వార్తల్లో వినిపిస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. డిగ్రీ లేని ఒక మద్రాసు గుమాస్తాకి స్కాలర్‌షిప్ ఇవ్వండి అని ఉత్తరం రాసిన వాళ్లలో ఆయనొకడు. ఆ గుమాస్తా శ్రీనివాస రామానుజన్.

క్లాసులో అందరం సమ్మర్ ఇంటర్న్‌షిప్ అంటూ లింకులు పంపుకుంటున్న ఈ రోజుల్లో సర్ గిల్బర్ట్ వాకర్ కథ మీ అందరికీ చెప్పాలనిపించింది.

నూలు మిల్లుల ఊరి పిల్లాడు

వాకర్ 1868 జూన్ 14న ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో పుట్టాడు. లాంకషైర్ ప్రాంతంలో నూలు మిల్లులకి పేరున్న ఊరు అది. ఆయన పుట్టడానికి కొన్నేళ్ల ముందు అమెరికా అంతర్యుద్ధం వల్ల ఆ మిల్లులకి పత్తి ఆగిపోతే, మన దేశపు పత్తి ఓడలెక్కి అక్కడికి వెళ్లింది. పత్తి చేల మధ్య పెరిగిన నాకు ఈ చుట్టరికం బాగా నచ్చింది.

తండ్రి సివిల్ ఇంజనీరు. పిల్లాడు లెక్కల్లో దిట్ట. స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో చేరి, 1889లో గణితం పరీక్షలో అందరికంటే ముందు నిలిచి సీనియర్ రాంగ్లర్ అనిపించుకున్నాడు. ఆ చదువు ఒత్తిడికి ఆరోగ్యం దెబ్బతింది. మూడు చలికాలాలు స్విట్జర్లాండ్‌లో గడిపి కోలుకున్నాడు. అక్కడే మంచు మీద స్కేటింగ్ అలవాటైంది. టాపర్లకి ఏ బాధా ఉండదు అనుకునే వాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

తిరిగి వచ్చాక ట్రినిటీలో పాఠాలు చెప్పాడు. ఆయనకి తిరిగే వస్తువులంటే పిచ్చి. ఆస్ట్రేలియా ఆదివాసుల బూమరాంగ్ విసిరితే వెనక్కి ఎందుకొస్తుంది, ఒక వైపు తిప్పితే తిరిగి, రెండో వైపు తిప్పితే ఎదురు తిరిగే రాయి ఉందే, అది ఎందుకలా చేస్తుంది, ఇలాంటివాటి మీద పరిశోధన పత్రాలు రాశాడు. కాలేజీ వెనక మైదానంలో బూమరాంగ్‌లు విసురుతుంటే జనం ఆయనకి బూమరాంగ్ వాకర్ అని పేరు పెట్టేశారు. వేణువు మీద కూడా ఇష్టం. వాయించడంతో సరిపెట్టుకోకుండా దాని నిర్మాణం గురించి కూడా పరిశోధించాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ముప్పై అయిదేళ్ల వయసు వరకు ఆయన జీవితంలో వాతావరణ శాస్త్రం అన్న మాటే లేదు.

కరువు దేశానికి లెక్కల మాస్టారు

మన వైపు కరువు కథలు పెద్దవాళ్ల నోట విన్నవాళ్లుంటారు. 1832-33లో గుంటూరు సీమని తుడిచిపెట్టిన కరువుని డొక్కల కరువు అన్నారు. డొక్కలు తప్ప ఒంట్లో ఏమీ మిగలని కరువు. 1876-78లో వచ్చింది ధాత కరువు. ఆ ఏడాది పేరు ధాత కాబట్టి అలా అన్నారు. దక్షిణ భారతమంతటా లక్షల మంది పోయారు.

1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. దానికి మొదటి అధిపతి బ్లాన్‌ఫర్డ్. హిమాలయాల మీద మంచు ఎక్కువ పడితే ఆ తర్వాతి వానాకాలం బలహీనపడుతుందని గమనించి, 1880లలో వాన జోస్యాలు మొదలుపెట్టాడు. తర్వాత వచ్చిన ఎలియట్ ఇంకా ఎన్నో కారణాలు కలిపి పొడుగాటి నివేదికలు ఇచ్చాడు. 1899లో వాన బాగుంటుందని ఆయన అంచనా. ఆ ఏడాది దేశం భయంకరమైన కరువు చూసింది. ఇంగ్లీషు ప్రభుత్వానికి వాన అంటే ముందుగా శిస్తు. రైతు ఆకలి ఆ తర్వాతి మాట. అయినా ఆ జోస్యం తప్పడం మాత్రం రెండు లెక్కల్లోనూ దెబ్బే.

అనుభవం మీద ఊహించడం ఇక చాలు, గట్టిగా లెక్క కట్టగలిగినవాడు కావాలి అనుకున్నారు. అలా పిలుపు వెళ్లింది వాకర్‌కి. వాతావరణం గురించి తెలియని గణితం లెక్చరర్‌కి. ఆయన వెంటనే కుర్చీలో కూర్చోలేదు. ముందు అమెరికా వెళ్లి అక్కడి వాతావరణ శాస్త్రవేత్తల దగ్గర పని నేర్చుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే ముప్పై అయిదేళ్లకి ఇంటర్న్‌షిప్ చేశాడన్నమాట. ఆ తర్వాత 1904లో బాధ్యత తీసుకున్నాడు.

గుమాస్తాలే కంప్యూటర్లు

వాకర్ పద్ధతి చెప్పడానికి తేలిక, చేయడానికి నరకం. గాలి ఎందుకు ఇలా కదులుతోంది అన్న సిద్ధాంతం ఆ రోజుల్లో పూర్తిగా ఎవరి దగ్గరా లేదు. కాబట్టి సిద్ధాంతం పక్కన పెట్టి, ప్రపంచం నలుమూలల నుంచి ఒత్తిడి, ఉష్ణోగ్రత, వాన, నదుల నీటిమట్టం లెక్కలు తెప్పించుకున్నాడు. దేనికీ దేనికీ పొత్తు కుదురుతోందో చూడ్డానికి కోరిలేషన్ కట్టాడు. ఒకటి పెరిగితే రెండోది పెరుగుతుందా, తగ్గుతుందా, సంబంధమే లేదా అన్నదాన్ని -1 నుంచి +1 మధ్య ఒక అంకెలో చెప్పేదే కోరిలేషన్. మనకి పైథాన్‌లో ఒక్క లైను. అప్పుడు ఆ లైను స్థానంలో భారతీయ గుమాస్తాలు వరసగా కూర్చుని, ఏళ్ల తరబడి చేత్తో గుణించి కూడి తీశారు. వాకర్ పేరుతో వచ్చిన ఫలితాల కింద వాళ్ల వేళ్ల నొప్పి ఉంది. వాళ్లలో చాలామంది పేర్లు మన దాకా రాలేదు.

ఒక విషయంలో వాకర్ చాలా జాగ్రత్తపరుడు. వంద జతలు లెక్కిస్తే, వాటిలో ఒకటో రెండో ఏ సంబంధమూ లేకపోయినా బ్రహ్మాండంగా కలిసినట్టు కనిపిస్తాయి. అందుకని ఎన్ని జతలు వెతికామో చూసుకుని, దాన్నిబట్టి గీటురాయిని పెంచాలని 1914లోనే చెప్పాడు. డేటా సైన్స్ ప్రాజెక్టుల్లో యాభై ఫీచర్లు పోసి, కుదిరిన ఒక్కదాన్ని రిపోర్టులో పెట్టే మనకి ఇది నూట పదేళ్ల నాటి హెచ్చరిక.

మద్రాసులో ఒక మజిలీ

1913 ఫిబ్రవరిలో వాకర్ పని మీద మద్రాసు వచ్చాడు. అప్పటికి రామానుజన్ పోర్టు ట్రస్టులో నెలకి ముప్పై రూపాయల గుమాస్తా. రెండు కాలేజీల్లో చేరినా ఎఫ్.ఏ. దాటలేదు. కాగితం మీద చూస్తే ఆయన్ని ఏ స్కాలర్‌షిప్‌కీ లెక్కలోకి తీసుకోరు. కానీ పోర్టు ట్రస్టు ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్‌కీ, ఆఫీసులో పైఅధికారి నారాయణ అయ్యర్‌కీ ఈ మనిషి మామూలువాడు కాదని తెలుసు. స్ప్రింగ్ ఆ నోట్‌బుక్ లెక్కల్ని వాకర్ ముందు పెట్టాడు.

వాకర్ చదివింది అప్లైడ్ గణితం. రామానుజన్ చేస్తున్నది పూర్తిగా వేరే దారి. ఇది నా సబ్జెక్టు కాదు అని తప్పుకోవచ్చు. తప్పుకుంటే ఎవరూ తప్పు పట్టరు కూడా. ఆయన అలా చేయలేదు. మరుసటి రోజే మద్రాసు విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుకి ఉత్తరం రాశాడు. తన పరిమితి ఏమిటో దాచకుండా చెప్పాడు. అయినా ఈ పని కేంబ్రిడ్జ్ కాలేజీ ఫెలో స్థాయిలో ఉందని, బతుకుతెరువు బెంగ లేకుండా కొన్నేళ్లు గణితం మీదే కూర్చునే వీలు ఈ యువకుడికి విశ్వవిద్యాలయం కల్పించాలని సూచించాడు.

అప్పటికే హార్డీ నుంచి కూడా రామానుజన్‌కి జవాబు వచ్చి ఉంది. అన్నీ కలిసొచ్చాయి. నిబంధనల ప్రకారం ఆ రీసెర్చ్ స్కాలర్‌షిప్‌కి మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. ఆ నిబంధనని పక్కన పెట్టి నెలకి 75 రూపాయల చొప్పున రెండేళ్లకి మంజూరు చేశారు. మూడు నెలలకోసారి పని రిపోర్టు ఇవ్వాలి, అంతే. 1914 మార్చిలో రామానుజన్ ఇంగ్లండ్ ఓడ ఎక్కాడు. తర్వాతి కథ మనందరికీ తెలుసు.

ఈ సంఘటనలో నాకు నచ్చేది రామానుజన్ ప్రతిభ ఒక్కటే కాదు. ఆ ప్రతిభ కాగితాల మీద ఉంది, ఆ కాగితాల్ని సరైన మనిషి బల్ల మీద పెట్టినవాళ్లున్నారు, ఆ మనిషి రోజు దాటకుండా కలం తీశాడు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ 75 రూపాయలు లేవు.

త్రాసు తట్టలు

ఏళ్ల తరబడి లెక్కల తర్వాత 1923, 1924ల్లో వాకర్ అసలు ఫలితం బయటపెట్టాడు. పసిఫిక్ మహాసముద్రం మీద గాలి ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుంది. ఇక్కడ పెరిగితే అక్కడ తగ్గుతుంది. వేల మైళ్ల దూరంలో రెండు సముద్రాలు ఒకే త్రాసుకి రెండు తట్టల్లాగా ఊగుతున్నాయి. దీనికి సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టాడు. ఉత్తర అట్లాంటిక్, ఉత్తర పసిఫిక్ మీద కూడా ఇలాంటి ఊగులాటలు చూపించాడు.

1924లో సర్ బిరుదుతో రిటైరై లండన్ ఇంపీరియల్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరాడు. ఈ ఊగులాటకి ఒక కాలచక్రం ఉందా అని వెతుకుతూ ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవు ఒత్తిడి లెక్కల మీద 1931లో రాసిన పత్రమే మన డీఎస్పీ పుస్తకంలోకి వచ్చింది. అంటే యూల్-వాకర్‌లో వాకర్ సగం వాన కోసం పుట్టింది. యూల్ సగం సూర్యుడి మచ్చల కోసం.

మరి వాన జోస్యం సంగతి? అక్కడ మాత్రం చేదే. ఆయన ఏరి తెచ్చిన కోరిలేషన్లలో కొన్ని తర్వాతి దశాబ్దాల్లో బలహీనపడ్డాయి. పైగా ఊగులాటకి మన వానాకాలంతో ఉన్న సంబంధం, వానలకి ముందు నెలల్లో కంటే వానల తర్వాతి నెలల్లో గట్టిగా కనిపించింది. ముందే చెప్పడానికి అది పనికిరాదు కదా. అసలు ఎక్కడి ఒత్తిడికో మన వానకి సంబంధమేంటి, ఇవి ఉత్త అంకెలు అని పక్కన పెట్టినవాళ్లూ ఉన్నారు. కారణం చూపించడానికి వాకర్ దగ్గర సముద్రం లోపలి, ఆకాశం పైభాగపు కొలతలు లేవు.

ఆ కొలతలు 1957-58లో వచ్చాయి. అది అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం. సరిగ్గా అప్పుడే పసిఫిక్‌లో పెద్ద ఎల్ నినో వచ్చింది. ఆ లెక్కలు ఆధారంగా బ్యెర్క్‌నెస్ అనే శాస్త్రవేత్త ముడి విప్పాడు. పసిఫిక్ పడమటి వైపు వెచ్చటి నీటి మీద గాలి పైకి లేస్తుంది, తూర్పు వైపు చల్లటి నీటి మీద కిందికి దిగుతుంది. పెరూ వైపు నీళ్లు వేడెక్కితే, అంటే ఎల్ నినో వస్తే, ఈ చక్రం సడలిపోతుంది. వాకర్ చూసిన ఊగులాట, పెరూ జాలర్లు చూసిన ఎల్ నినో, రెండూ ఒకే వ్యవహారం. 1969లో బ్యెర్క్‌నెస్ ఆ గాలి చక్రానికి వాకర్ సర్క్యులేషన్ అని పేరు పెట్టాడు. అది వినడానికి వాకర్ లేడు. 1958 నవంబర్ 4న, తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

మన చేలకి ఈ లెక్క ఎంత దూరం వచ్చింది

మాది కాలవ నీళ్లు అందని నల్లరేగడి. తొలకరి పడి పదునైతే పత్తి గింజ వేస్తారు. ఆ తర్వాత రెండు వారాలు మబ్బు మొహం చాటేస్తే మొలక మాడిపోతుంది, మళ్లీ విత్తనాలు కొనాలి. మిర్చి సంగతి ఇంకా బరువు. నారు, కూలీలు, మందులు, అన్నిటికంటే ముందు కౌలు. 2023 ఎల్ నినో ఏడాది. ఆ ఆగస్టు దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న లెక్కల్లోనే అతి పొడి ఆగస్టు. అదే ఏడాది డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నీళ్లు లేక ఒకసారి, నీళ్లెక్కువై ఒకసారి, ఒకే పంట మీద రెండు దెబ్బలు మా ఇంట్లో చూశాం. నా సెమిస్టర్ ఫీజు ఆ చేలోంచే రావాలి.

ఎల్ నినో అంటే కరువే అనుకోవడం కూడా సరికాదు. 1997లో చాలా పెద్ద ఎల్ నినో వచ్చినా దేశంలో వానాకాలం మామూలుగానే గడిచింది. హిందూ మహాసముద్రానికి కూడా సొంతంగా ఒక ఊగులాట ఉందని 1999లో తేలింది. ఇంకో మెలిక మన ప్రకాశం వైపు వాళ్లకి ముఖ్యం: ఎల్ నినో ఏళ్లలో జూన్-సెప్టెంబర్ వాన తగ్గే ధోరణి ఉంటే, అక్టోబర్-డిసెంబర్ ఈశాన్య రుతుపవనాల వాన దక్షిణాదిలో పెరిగే ధోరణి ఉంది. అంటే పత్తికి ఒక మాట, మిర్చికి ఇంకో మాట.

వాతావరణ శాఖ ఏప్రిల్‌లో ఒకసారి, మే చివర్లో ఒకసారి వానాకాలం అంచనా ఇస్తుంది. అది దేశానికి, పెద్ద పెద్ద ప్రాంతాలకి. రైతు అడిగేది తన మండలంలో, రాబోయే పదిహేను రోజులు. ఈ రెండిటి మధ్య దూరం ఇంకా మిగిలే ఉంది. అక్కడ పని చేయడానికి మనుషులు కావాలి.

మరి మనం?

మనలో చాలామంది ఇంటర్న్‌షిప్ అంటే ఏదో ఒక సంస్థకి డబ్బు కట్టి, నాలుగు వీడియోలు చూసి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోవడం దగ్గర ఆగిపోతున్నాం. సముద్ర, వాతావరణ శాస్త్రాల్లో నిజమైన పని దొరికే చోట్లు మనకి దగ్గర్లోనే ఉన్నాయి.

హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది. సునామీ హెచ్చరికలు, జాలర్లకి చేపలు దొరికే చోట్ల సమాచారం అక్కడి నుంచే వస్తాయి. చెన్నైలో ఎన్ఐఓటీ బంగాళాఖాతంలో కొలతల బోయాలు నడుపుతుంది. మెకానికల్, ఈసీఈ వాళ్లకి అది పండగ. తిరుపతి దగ్గర గాదంకిలో ఎన్ఏఆర్ఎల్‌కి ఆకాశంలో గాలుల్ని కొలిచే పెద్ద రాడార్ ఉంది. పుణేలో ఐఐటీఎం రుతుపవనాల మోడళ్లు నడుపుతుంది. సీఎస్ఈ వాళ్లకి అక్కడ సూపర్ కంప్యూటర్ కూడా ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి వాతావరణ, సముద్ర శాస్త్రాల శాఖ ఉంది. ఇవి కాక మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి ఇంజనీరింగ్ వాళ్లు కూడా దరఖాస్తు పెట్టొచ్చు. రెండు నెలలు, స్టైపెండ్‌తో. దీనికి వేసవి వచ్చాక పరిగెడితే లాభం లేదు, అంతకుముందు ఏడాది చివర్లోనే దరఖాస్తులు అయిపోతాయి. ఫ్యాకల్టీ సిఫారసు ఉత్తరం కావాలి. మిగతాచోట్ల స్టైపెండ్ కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. హాస్టల్ ఖర్చు సంగతి ముందే అడగండి. ఇంట్లో వాళ్లని ఒప్పించడానికి అదే మొదటి ప్రశ్న.

ఉత్తరం రాసేటప్పుడు మార్కుల జాబితాతో పాటు చేసిన పని ఒకటి జత చేయండి. రామానుజన్‌కి నోట్‌బుక్ ఉంది. మనకి డేటా ఉంది, అదీ ఉచితంగా. 1901 నుంచి రోజువారీ వాన లెక్కలు వాతావరణ శాఖ పుణే వెబ్‌సైట్‌లో ఉన్నాయి. వాకర్ ఊగులాట సూచీ నెలనెలా ఆస్ట్రేలియా వాతావరణ శాఖ పెడుతుంది. గుంటూరు, ప్రకాశం గడుల వాన తీసి, జూన్-సెప్టెంబర్ ఒకటిగా, అక్టోబర్-డిసెంబర్ ఒకటిగా విడగొట్టి, సూచీతో కోరిలేషన్ కట్టండి. సగం ఏళ్ల మీద కట్టి, మిగతా సగం ఏళ్ల మీద నిలబడుతుందో లేదో చూడండి. వాకర్‌కి ఎదురైన దెబ్బ ఏమిటో అక్కడ మీకే తెలుస్తుంది.

నేను ఈ పని మొదలుపెట్టాను. నవంబర్‌లోగా నాలుగు పేజీల రిపోర్టు చేసి అకాడమీల ఫెలోషిప్‌కి పెట్టాలని ప్లాన్. ప్రకాశం వైపు వాళ్లు ఎవరైనా కలిస్తే ఆ జిల్లా లెక్క వాళ్లు చూసుకోవచ్చు. బ్రాంచ్ ఏదైనా పర్వాలేదు, పైథాన్ రాకపోయినా నేర్చుకుందాం. క్లబ్ మీటింగ్ అయ్యాక లైబ్రరీలో ఉంటాను, వచ్చి కలవండి.